షీట్ నుంచి ఎనలిటిక్స్‌కు డేటా పంపాలంటే ఏ ఆటోమేషన్ ఎంచుకోవాలి?

షీట్‌లో ఉన్న డేటా ఎనలిటిక్స్ టూల్‌లో కనబడాలి. వారానికోసారి ఎవరో ఒకరు సీఎస్‌వీ దించుకుని మళ్లీ ఎక్కించే పని ఇక ఉండకూడదు. ఇంతవరకూ అందరిదీ ఒకటే మాట. తర్వాతే చాలామంది నేరుగా "జాపియర్ మంచిదా, మేక్ మంచిదా" అన్న ప్రశ్నకు వెళ్లిపోతారు. ఏ టూల్‌కు ఎన్ని యాప్‌లు కలుస్తాయో పోల్చి చూస్తారు. పేరున్న ప్రతి ఆటోమేషన్ టూల్‌కూ గూగుల్ షీట్స్, ఎక్సెల్ రెండూ కలుస్తాయి. కాబట్టి ఆ పోలిక వల్ల ఏమీ తేలదు.

ముందు తేల్చుకోవాల్సింది మీ షీట్‌లో ఒక వరస అంటే ఏమిటన్నది. అది జరిగిపోయిన ఒక సంఘటనా, లేక మారుతూ ఉండే ఒక స్థితా? దీనికి జవాబు దొరికితే టూల్ ఎంపిక సగం అయిపోయినట్టే. దొరక్కపోతే ఏ టూల్ తీసుకున్నా డాష్‌బోర్డ్‌లో అంకెలు రెట్టింపు కావడమో, కొన్ని రాకుండా పోవడమో ఖాయం.

అసలు మధ్యలో ఆటోమేషన్ కావాలా?

మీ ఎనలిటిక్స్ టూల్ టేబుళ్లను నేరుగా చదివే రకమైతే అక్కర్లేదు. గూగుల్ వారి రిపోర్ట్ టూల్ లుకర్ స్టూడియోనే తీసుకోండి. 2022 వరకూ దాని పేరు డేటా స్టూడియో. గూగుల్ షీట్‌ను అది నేరుగా చదువుతుంది. మీరేమీ మార్చకపోతే 15 నిమిషాలకోసారి తాజా డేటా తెచ్చుకుంటుంది. మైక్రోసాఫ్ట్ వారి రిపోర్ట్ టూల్ పవర్ బీఐ కూడా వన్‌డ్రైవ్‌లోనో షేర్‌పాయింట్‌లోనో ఉన్న ఎక్సెల్ ఫైల్‌ను చదివి, మీరు పెట్టిన టైముకు రిఫ్రెష్ చేసుకుంటుంది. ప్రో లైసెన్స్‌తో రోజుకు 8 సార్లు వీలవుతుంది. గూగుల్ వారి క్లౌడ్ డేటాబేస్ బిగ్‌క్వెరీలో అయితే గూగుల్ షీట్‌ను బయటి టేబుల్‌గా చూపించి దాని మీదే క్వెరీలు రాయొచ్చు.

ఈ మూడింటిలో ఏది మీ పరిస్థితికి సరిపోయినా ఆటోమేషన్ ఆలోచన వదిలేయండి. మధ్యలో ఇంకో టూల్ పెట్టామంటే చెడిపోవడానికి ఇంకో చోటు పెట్టినట్టే. పైగా నేరుగా చదివే పద్ధతిలో ఒక పెద్ద మేలుంది: షీట్‌లో తప్పు దిద్దితే రిపోర్ట్‌లో కూడా అదే దిద్దుకుంటుంది. పంపే పద్ధతిలో ఆ వీలు లేదు, ఒకసారి వెళ్లిన అంకె అక్కడే ఉండిపోతుంది.

ఆటోమేషన్ నిజంగా అవసరమయ్యేది గూగుల్ ఎనలిటిక్స్ 4, మిక్స్‌ప్యానెల్, యాంప్లిట్యూడ్ లాంటి ఈవెంట్ ఆధారిత టూల్స్‌కు. ఫలానా యూజర్ ఫలానా టైముకు ఫలానా పని చేశాడు అని ఒక్కొక్కటిగా చెబితేనే అవి తీసుకుంటాయి. వెబ్‌సైట్‌లో జరిగినదాన్ని అవే పట్టుకుంటాయి. ఫోన్‌లో వచ్చిన ఆర్డర్, సేల్స్ టీమ్ చేత్తో రాసిన డీల్, తర్వాత జరిగిన రీఫండ్, ఇవన్నీ షీట్‌లోనే ఉండిపోతాయి. వీటిని అక్కడికి చేర్చడానికే వర్క్‌ఫ్లో, అంటే దానంతటదే నడిచే స్టెప్పుల గొలుసు, కావాలి.

వరస సంఘటనా, స్థితా?

దగ్గరి నుంచి ఒక ఉదాహరణ చూద్దాం. ఆర్డర్ల షీట్‌లో నాలుగు కాలమ్‌లున్నాయి: ఆర్డర్ నంబరు, తేదీ, మొత్తం, స్టేటస్. 212వ వరసలో స్టేటస్ ముందు "పెండింగ్". సాయంత్రానికి ఎవరో దాన్ని "పూర్తయింది" అని మార్చారు. మర్నాడు ఇంకెవరో అదే వరసలో మొత్తం దగ్గర ఉన్న తప్పును సరిచేశారు. మీ ఆటోమేషన్ "కొత్త వరస వచ్చినా, ఉన్న వరస మారినా" అన్న ట్రిగ్గర్ (పని మొదలుపెట్టే సంకేతం) మీద నడుస్తోందనుకోండి. ఒకే ఆర్డర్‌కు మూడుసార్లు ఈవెంట్ వెళ్తుంది. ఎనలిటిక్స్ టూల్‌కు అవి మూడు కొనుగోళ్లు. నెలాఖరున అమ్మకాలు బాగా పెరిగాయని అందరూ సంతోషిస్తారు, అకౌంట్స్‌లో మాత్రం లెక్క కుదరదు.

దీనికి రెండు మందులున్నాయి, రెండూ వాడాలి. మొదటిది, స్టేటస్ "పూర్తయింది" అయినప్పుడే పంపడం. జాపియర్‌లో ఏ కాలమ్ మారితే ట్రిగ్గర్ కావాలో ఎంచుకునే వీలుంది. మిగతా టూల్స్‌లో ఫిల్టర్ పెట్టుకోవాలి. రెండోది, ప్రతి ఈవెంట్‌తో పాటు మారని ఒక గుర్తు పంపడం. మిక్స్‌ప్యానెల్, యాంప్లిట్యూడ్ రెండింటిలోనూ దీనికోసం ఇన్సర్ట్ ఐడీ అని ఒక ఫీల్డ్ ఉంది. ఆర్డర్ నంబరు, స్టేటస్ కలిపి దాన్ని తయారుచేయండి. అదే ఐడీతో అదే ఈవెంట్ మళ్లీ వచ్చినా టూల్ ఒక్కసారే లెక్కపెడుతుంది. యాంప్లిట్యూడ్‌లో ఈ రక్షణ 7 రోజుల వరకే, అది గుర్తుంచుకోండి. వరస నంబరును మాత్రం ఎప్పుడూ ఐడీగా వాడొద్దు. ఎవరైనా షీట్‌ను సార్ట్ చేశారంటే నిన్నటి 212 ఈ రోజు 40 అవుతుంది.

సార్ట్ మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. షీట్‌ను కొద్దికొద్దిసేపటికి తొంగిచూసే ట్రిగ్గర్లు కొత్త వరసలు అడుగునే చేరతాయని నమ్ముకుని పనిచేస్తాయి. మధ్యలో వరస ఇరికించినా, పాతవి తీసేసినా, నడుమ ఖాళీ వరస వదిలినా వాటి లెక్క తప్పుతుంది. కొన్ని వరసలు అసలు పంపకుండానే ఉండిపోతాయి. అందుకే మనుషులు పనిచేసే షీట్‌ను, మెషిన్ చదివే ట్యాబ్‌ను వేరుగా పెట్టడం నాకు అన్నిటికన్నా నచ్చిన ఏర్పాటు. జరిగినదాన్ని జరిగినట్టు కిందికి చేర్చుకుంటూ పోయే లాగ్ ట్యాబ్ ఒకటి ఉంటే, పైన చెప్పిన తలనొప్పి చాలావరకు ఉండదు.

బిల్లు దేనికి పడుతుంది?

జాపియర్, మేక్, ఎన్‌ఎయిట్‌ఎన్ (n8n) మూడూ చూడ్డానికి ఒకే పని చేస్తాయి. తేడా బయటపడేది బిల్లు లెక్కలో. ప్లాన్ల పేజీలో అంకెలు పక్కపక్కన పెట్టి పోలిస్తే ఇది కనబడదు, ఎందుకంటే ఒక్కొక్కరు లెక్కించే యూనిట్ వేరు.

జాపియర్‌లో లెక్కపడేది టాస్క్. ట్రిగ్గర్‌కు టాస్క్ పడదు, విజయవంతంగా పూర్తయిన ప్రతి యాక్షన్‌కూ (ట్రిగ్గర్ తర్వాత జరిగే ఒక్కో పనికీ) ఒకటి పడుతుంది. షీట్‌ను ఎన్నిసార్లు చూసినా ఖర్చు లేదు. మేక్ అలా కాదు. 2022 దాకా ఇంటెగ్రోమాట్ అనే పేరుతో ఉన్న ఈ టూల్‌లో ప్రతి మాడ్యూల్ (వర్క్‌ఫ్లోలోని ఒక్కో స్టెప్పు) నడిచిన ప్రతిసారీ లెక్కపడుతుంది. షీట్‌లో కొత్తది ఏమీ లేకపోయినా చూసినందుకే ఒకటి పోతుంది. 15 నిమిషాలకోసారి చూడమంటే రోజుకు 96, నెలకు 2,880. ఉచిత ప్లాన్‌లో నెలకు వచ్చేది 1,000. అంటే ఒక్క వరస కూడా పంపకముందే, కేవలం చూడ్డానికే, కోటా పదకొండు రోజుల్లో అయిపోతుంది. 45 నిమిషాలకోసారి అని పెట్టుకుంటే చూడ్డానికి 960 పోతాయి, మిగిలేది నలభై. మేక్ మొదలుపెట్టేవాళ్లు అన్నిటికన్నా ముందు చేయాల్సింది ఈ షెడ్యూల్‌ను సరిచేసుకోవడం.

ఎన్‌ఎయిట్‌ఎన్ బెర్లిన్‌లో 2019లో మొదలైంది. వాళ్ల క్లౌడ్‌లో వర్క్‌ఫ్లో మొదటి నుంచి చివరి దాకా ఒకసారి నడిస్తే ఒక ఎగ్జిక్యూషన్. లోపల ఎన్ని స్టెప్పులున్నా, ఎన్ని వరసలు వెళ్లినా ఒకటే.

ఇప్పుడు నెలాఖరున 5,000 వరసలు ఒకేసారి పేస్ట్ చేశారనుకోండి. ఒక్కో వరసకు రెండు యాక్షన్లు. జాపియర్‌లో అవి 10,000 టాస్క్‌లు. ఒక్కసారిగా అన్ని వరసలు వచ్చేసరికి జాపియర్ వాటిని ఆపి ఉంచి, మీరు సరే అన్నాకే పంపుతుంది కూడా. మేక్‌లో కూడా ఒక్కొక్కటిగా పంపితే అంతే భారం. కాకపోతే వరసలను గుంపుగా చేసే అగ్రిగేటర్ మాడ్యూల్ పెట్టి లెక్క బాగా తగ్గించుకోవచ్చు. ఎన్‌ఎయిట్‌ఎన్‌లో అదంతా ఒక ఎగ్జిక్యూషన్‌లో ముగుస్తుంది. కాబట్టి రోజుకు పది, ఇరవై వరసలు మెల్లగా చేరే షీట్ అయితే జాపియర్ తీసుకోండి, సెటప్ అన్నిటికన్నా తేలిక. ఒకేసారి వేలల్లో వచ్చి పడే డేటా అయితే జాపియర్ దగ్గరికి పోవద్దు.

ఎన్‌ఎయిట్‌ఎన్‌ను సొంత సర్వర్‌లో పెట్టుకుంటే ఎగ్జిక్యూషన్లకు డబ్బు కట్టక్కర్లేదు. కానీ సర్వర్ బాగోగులు, బ్యాకప్, అప్‌డేట్లు మీ మీదే. గూగుల్ షీట్స్‌తో కలిపేవాళ్లు ఇంకో విషయం తెలుసుకోవాలి. గూగుల్ క్లౌడ్‌లో మీరు తయారుచేసిన ఓఆత్ యాప్ (గూగుల్ ఖాతాలోకి అనుమతి తెచ్చే ఏర్పాటు) "టెస్టింగ్" దశలోనే ఉండిపోతే, ఆ అనుమతికి గుర్తుగా ఇచ్చే టోకెన్ 7 రోజులకే చెల్లకుండా పోతుంది. వారం బాగా నడిచి ఎనిమిదో రోజు ఆగిపోయే కనెక్షన్ల వెనక తరచూ ఉండేది ఇదే. యాప్‌ను ప్రొడక్షన్‌కు మార్చండి, లేదా సర్వీస్ అకౌంట్ (మనిషికి కాక ప్రోగ్రామ్‌కు ఇచ్చే ఖాతా) పెట్టుకుని దాని ఈమెయిల్‌కు షీట్ షేర్ చేయండి.

కొంచెం కోడ్ రాయగలిగితే

గూగుల్ షీట్స్‌తో పాటే వచ్చే యాప్స్ స్క్రిప్ట్‌ను చాలామంది పట్టించుకోరు. నాకైతే చిన్న, మధ్యరకం పనులకు దీన్ని మించినది లేదనిపిస్తుంది. అదనపు బిల్లు లేదు, డేటా మూడో కంపెనీ చేతికి వెళ్లదు, ఏ వరస ఎప్పుడు వెళ్లిందో అదే షీట్‌లో రాసిపెట్టుకోవచ్చు.

దాని హద్దులు తెలుసుకుని దిగాలి. ఒకసారి నడిస్తే 6 నిమిషాలు దాటకూడదు. బయటి సర్వర్లకు చేసే కాల్స్ మామూలు ఖాతాకు రోజుకు 20,000, వర్క్‌స్పేస్ ఖాతాకు 100,000. సెల్ మారగానే నడిచే సింపుల్ ట్రిగ్గర్‌కు బయటి సర్వర్‌ను పిలిచే హక్కే లేదు, దానికి ఇన్‌స్టాల్ చేసే ట్రిగ్గర్ వేరే ఉంది. అది కూడా మనిషి చేత్తో మార్చినప్పుడే నడుస్తుంది. ఏపీఐ (ప్రోగ్రామ్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి) ద్వారానో ఇంకో స్క్రిప్ట్ ద్వారానో వచ్చిన మార్పు దానికి తెలియదు. అందువల్ల మార్పును వెంటాడడం కన్నా గంటకోసారి నడిచే టైమ్ ట్రిగ్గర్ మేలు. స్క్రిప్ట్ లేచి, "పంపిన సమయం" కాలమ్ ఖాళీగా ఉన్న వరసలన్నీ ఒకే దెబ్బలో చదివి, గుంపుగా పంపి, అవతలి నుంచి సరైన జవాబు వచ్చాకే ఆ కాలమ్ నింపాలి. మధ్యలో నెట్ పోయినా ఏమీ పోదు, తర్వాతి గంటలో మిగిలినవి వెళ్తాయి. ఈ ఒక్క కాలమ్ ఇచ్చే ధీమా ఖరీదైన ప్లాన్లు కూడా ఇవ్వవు. టూల్ ఏదైనా సరే దీన్ని పెట్టుకోండి.

సెల్ సెల్‌కూ విడిగా చదివే స్క్రిప్ట్ మాత్రం రాయొద్దు. ఆరు నిమిషాలు అలాగే కరిగిపోతాయి. బయటి టూల్ నుంచి షీట్స్ ఏపీఐని పిలిచినా ఇదే సూత్రం. ఒక యూజర్‌కు నిమిషానికి 60 రీడ్ రిక్వెస్టులే, అవి దాటితే 429 ఎర్రర్ వస్తుంది.

ఎక్సెల్ వాడేవాళ్లకు

ఆఫీసంతా మైక్రోసాఫ్ట్ 365 మీద ఉంటే మైక్రోసాఫ్ట్ సొంత ఆటోమేషన్ టూల్ పవర్ ఆటోమేట్ సహజమైన ఎంపిక. లాగిన్, అనుమతులు అన్నీ అక్కడివే కాబట్టి ఐటీ వాళ్ల ఆమోదం కూడా త్వరగా వస్తుంది. అయితే డేటాను ఎక్సెల్‌లో టేబుల్‌గా మార్చితే తప్ప అది చదవదు. టేబుల్‌లోని వరసలు తెమ్మంటే మామూలుగా 256 మాత్రమే తెస్తుంది. మిగతావి లేవని ఎర్రర్ కూడా చూపదు. సెట్టింగ్స్‌లో పేజినేషన్ (మిగతా వరసలను విడతలుగా తెచ్చే ఆప్షన్) ఆన్ చేయాలి. 300 వరసలున్న ఫైల్‌తో పరీక్షించకుండా ఈ ఫ్లోను వాడకంలోకి తేవొద్దు.

వరస చేరగానే నడవాలంటే ఎక్సెల్‌ను పక్కనపెట్టి, ఆ డేటాను షేర్‌పాయింట్ లిస్ట్‌లోకి మార్చడం మంచిది. కొత్త ఐటమ్ చేరగానే మొదలయ్యే ట్రిగ్గర్ దానికి ఉంది.

తీసుకునే వైపు షరతులు

ఎంత మంచి ఆటోమేషన్ పెట్టినా అవతలి టూల్ తీసుకోకపోతే ఫలితం లేదు. గూగుల్ ఎనలిటిక్స్ 4కు మెజర్‌మెంట్ ప్రోటోకాల్ ద్వారా ఈవెంట్లు పంపవచ్చు, ఒక రిక్వెస్టులో 25 వరకూ. వెనకటి తేదీ వేయాలంటే 72 గంటల వరకే. వారానికోసారి నింపే షీట్‌కు ఇది పనికిరాదు, అంతే. వెబ్‌సైట్‌లో ఆ యూజర్‌కు ఇచ్చిన క్లయింట్ ఐడీ కూడా షీట్‌లో ఉండాలి. అది లేక వరసకొక కొత్త ఐడీ పుట్టించి పంపితే, ప్రతి ఆర్డర్‌కూ ఒక కొత్త యూజర్ పుట్టుకొస్తాడు. ఇంకా ముఖ్యమైనది: ఈవెంట్ తప్పుగా ఉన్నా ఈ సర్వర్ అందింది అనే అంటుంది. మీ ఆటోమేషన్‌లో అన్నీ పచ్చగా కనిపిస్తాయి, రిపోర్ట్‌లో ఏమీ ఉండదు. తప్పులు చూపించే వ్యాలిడేషన్ సర్వర్‌ను గూగుల్ వేరుగా ఇచ్చింది, ముందు అక్కడికి పంపి చూసుకోండి. ఈమెయిల్, ఫోన్ నంబరు ఉన్న కాలమ్‌లను ఎనలిటిక్స్‌కు పంపడం గూగుల్ నిబంధనలకు విరుద్ధం. వర్క్‌ఫ్లోలో "అన్ని కాలమ్‌లూ" అని టిక్ పెట్టే అలవాటుంటే మానుకోండి.

పాత డేటా విషయంలో మిక్స్‌ప్యానెల్ ఉదారంగా ఉంటుంది. మామూలు ట్రాక్ దారిలో 5 రోజుల లోపు ఈవెంట్లే తీసుకుంటుంది కానీ, పాతవాటికి ఇంపోర్ట్ అనే వేరే దారి ఉంది. ఒక్కో రిక్వెస్టులో 2,000 ఈవెంట్ల వరకూ పంపొచ్చు. ఆలస్యంగా నిండే షీట్‌లున్న టీమ్‌కు నేను చెప్పేది ఇదే.

తేదీల దగ్గర ఎక్కువమంది దెబ్బతింటారు. షీట్‌లో మీకు 2025 జనవరి 1 అని కనబడే సెల్‌లో నిజానికి దాగి ఉన్నది 45658 అనే అంకె, అంటే రోజుల లెక్క. కొన్ని కనెక్టర్లు దాన్ని అలాగే పంపేస్తాయి. ఎనలిటిక్స్ టూల్ దాన్ని 1970 నుంచి లెక్కించే సెకన్లు అనుకుంటే, ఈవెంట్ 1970 జనవరి 1 మధ్యాహ్నానికి వెళ్లి కూర్చుంటుంది. ఆ అంకెలోంచి 25569 తీసేసి, 86400తో గుణిస్తే సరైన సెకన్లు వస్తాయి. పవర్ ఆటోమేట్‌లో తేదీని ఐఎస్ఓ 8601 రూపంలో (2025-01-01 లాగా) ఇవ్వమనే ఆప్షన్ ఉంది, అది చాలు. షీట్ టైమ్‌జోన్ ఒకటి, టూల్ టైమ్‌జోన్ ఇంకోటి అయితే అర్ధరాత్రి చుట్టుపక్కల ఆర్డర్లు పక్క రోజుకు జారతాయి. రెండూ మొదటే కలిపి చూసుకోండి. పొడవాటి ఐడీలను టెక్స్ట్‌గా ఫార్మాట్ చేయాలి, లేకపోతే ఎక్సెల్ 15 అంకెల తర్వాతివన్నీ సున్నాలు చేస్తుంది.

ఎనలిటిక్స్ నుంచి షీట్‌కు తెచ్చుకునేవాళ్లకు ఒక్క మాట. గూగుల్ ఎనలిటిక్స్ 4లో ఒక రోజు అంకెలు కుదురుకోవడానికి 24 నుంచి 48 గంటలు పడుతుంది. కాబట్టి రోజూ నిన్నటి వరస ఒక్కటే చేర్చకుండా, గత మూడు రోజుల వరసలను తిరగరాయండి.

డబ్బు కట్టేముందు

ఎంచుకున్న టూల్‌ను ఓ ఇరవై వరసల కాపీ షీట్‌తో కష్టపెట్టి చూడండి. షీట్‌ను సార్ట్ చేయండి. మధ్యలో ఒక వరస ఇరికించండి. పంపేసిన వరసలో ఒక అక్షరం మార్చండి. ఒక తేదీ సెల్ ఖాళీగా వదలండి, ఒక కాలమ్ పేరు మార్చండి. అవతలి టూల్‌లోకి అనుమతినిచ్చే కీని కావాలనే తప్పుగా ఇచ్చి, ఫెయిల్ అయిన సంగతి మీకు ఈమెయిల్‌లో వస్తుందా, లేక మీరే వెళ్లి వెతుక్కోవాలా అన్నది గమనించండి. కీ సరిచేశాక ఆగిపోయిన వరసలు వాటంతట అవే వెళ్తున్నాయో లేదో చూడండి. మర్నాడు షీట్‌లోని లెక్క, ఎనలిటిక్స్‌లోని లెక్క పక్కపక్కన పెట్టండి. రెండు టూల్స్ మధ్య ఊగిసలాడుతుంటే రెండింటికీ ఇదే పరీక్ష పెట్టండి, తేడా ఒక్క రోజులో తెలిసిపోతుంది.

కనెక్షన్ ఎవరి లాగిన్‌తో ఇచ్చారో కూడా అప్పుడే చూసుకోండి. ఒక ఉద్యోగి సొంత ఖాతాతో కలిపితే, ఆయన సంస్థ వదిలి ఖాతా మూతపడిన రోజే డేటా ఆగిపోతుంది. టీమ్ పేరు మీద ఒక ఖాతా తెరిచి దానితోనే కలపండి, ఫెయిల్ అయినప్పుడు వచ్చే ఈమెయిల్ కనీసం ఇద్దరికి వెళ్లేలా పెట్టండి.